తొలి ప్రతి లూసీకి ఇచ్చాను

ఇర్వింగ్, టెక్సస్. 1985 జూన్ 18, మంగళవారం. ఉదయం 9 గంటల 20 నిమిషాలు.

నా పేరు కొల్లాబత్తుల దేవకుమారి. కీర్తిశేషులు జాన్ ప్రకాశం గారి భార్యను. వయసు నలభై ఏడు. సొంత ఊరు బాపట్ల. పన్నెండేళ్ళుగా ఇర్వింగ్‌లో ఉంటున్నాను. డల్లాస్‌లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. వృత్తి అన్న చోట రచయిత్రి అని కూడా రాయమన్నాను, అలవాటు కొద్దీ. అది కొట్టేయండి.

నాకు ఇంగ్లీషు వచ్చు. కాని ఈ సంగతి తెలుగులో అయితేనే తప్పు లేకుండా చెప్పగలను. నేను చెబుతుంటే దుబాసీ వెంకట రమణ గారు రాస్తున్నారు, డిటెక్టివ్ మెర్సర్ గారికి ఇంగ్లీషులో చెబుతున్నారు. లాయరు వచ్చేదాకా నోరు మూసుకుని ఉండే హక్కు నాకుందని ముందే చెప్పారు. నిన్నంతా నోరు మూసుకునే ఉన్నాను. అది చాలు.

అబ్రహాంని దోసెల పెనంతో కొట్టింది నేను. లూసీ కాదు. రెండు దెబ్బలు కొట్టాను. రెండూ నావే.

మా తెలుగు చర్చిలో స్త్రీల సహవాసం ఉంది. ప్రతి శనివారం ఉదయం పది గంటలకు ఎవరో ఒకరింట్లో కూడుకుంటాం. పాటలు, వాక్యం అయ్యాక ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెబుతారు. పిల్లాడి జ్వరం, వీసా కాగితాలు, మొగుడి తాగుడు, ఏదైనా సరే. కార్యదర్శిగా వాటిని నోటుబుక్కులో రాయడం నా పని. తర్వాత అందరం కళ్ళు మూసుకుని వాటి కోసం ప్రార్థిస్తాం. అక్కడ విన్నది గడప దాటకూడదన్నది మా నియమం. నోటుబుక్కు మొదటి పేజీలో ఆ నియమం నేనే రాశాను, ఎర్ర సిరాతో.

లూసీకి ఇరవై తొమ్మిదేళ్ళు. రేపల్లె పిల్ల. నన్ను అక్కా అంటుంది. ఆమె భర్త అబ్రహాం డ్రాఫ్ట్స్‌మన్. చర్చిలో పాటలు నేర్పేది అతనే. మంచి గొంతు. అందరితో మర్యాదగా మాట్లాడతాడు. 1983 అక్టోబరు 8వ తేదీన లూసీ తన మనవి చెప్పింది. "మా ఆయన కోపం తగ్గాలని ప్రే చేయండక్కా" అంది.

మామూలుగా అయితే అంతటితో రాసుకుని పక్కావిడ వైపు తిరగాలి. నేను ఊరుకోలేదు. "ఎంత కోపమమ్మా?" అని అడిగాను.

అప్పుడు చెప్పింది. వాళ్ళ అద్దె ఇంట్లో వంటగదికి తలుపు ఉంది. దానికి లోపలి వైపు అబ్రహాం గడియ బిగించాడు. కొట్టాలనిపించినప్పుడు ఆమెను వంటింట్లోకి పిలిచి గడియ వేస్తాడు. "బెల్టు తీస్తాడక్కా. బకిల్ పట్టుకోడు. తోలు కొస పట్టుకుంటాడు, బకిల్ నాకు తగిలేటట్టు" అంది. ఆ బకిల్ మీద కొమ్ముల ఎద్దు తలకాయ ఉంటుంది. టెక్సస్‌కి వచ్చిన కొత్తలో సరదా పడి కొనుక్కున్నాడు.

మిగతా ఆడవాళ్ళు ఏడ్చారు. నేను ఏడవలేదు. రాసుకున్నాను.

డిటెక్టివ్ గారు పుస్తకం సంగతి చెప్పమంటున్నారు. చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా కథలు రాస్తున్నాను. బాపట్ల నుంచి పంపాను, ఇక్కడి నుంచి ఎయిర్‌మెయిల్లో పంపాను. విచారంతో తిప్పి పంపుతున్నామని అచ్చు వేసిన చీటీలు నా దగ్గర ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. ఒక ఎడిటర్ గారు మాత్రం చేత్తో ఒక ముక్క రాశారు, భాష బాగుంది, జీవం లేదని. ఆ ముక్క నన్ను ఏళ్ళ తరబడి కాల్చుకు తింది. లూసీ చెప్పిన రోజు ఇంటికి వెళ్ళి నోటుబుక్కు తెరిస్తే జీవం అందులో ఉంది. ఆరేళ్ళ మనవులు. పన్నెండు మంది ఆడవాళ్ళవి ఏరి పన్నెండు కథలు రాశాను. ఎవరినీ అడగలేదు. పేర్లు మార్చాను కదా అనుకున్నాను. పేర్లు మారిస్తే సరిపోతుందని నిజంగానే అనుకున్నాను.

లూసీ కథ పేరు 'వంటింటి గడియ'. పుస్తకానికీ అదే పేరు పెట్టాను. విజయవాడలో అచ్చు వేయించింది మా మరిది రాధాకృష్ణ. ప్రూఫులు అతనే దిద్దాడు. "ఊరికే కథలంటే ఎవరు కొంటారు వదినా? అమెరికాలో జరిగిన నిజాలు అని చెప్పు" అని ఉత్తరం రాశాడు. నాకు ఆ మాట నచ్చింది. అట్ట వెనక నా ఫోటో కింద వేయించాను. 'ఇందులోని ప్రతి కథా నేనెరిగిన నిజం.' నిన్న మీరు నాకు చూపించిన వాక్యం అదే.

ఐదు వందల కాపీలు ఓడలో వచ్చాయి. ఆ రోజు అట్టపెట్టె కోసి కొత్త కాగితం వాసన పీల్చుకుంటూ నేల మీద కూర్చున్నాను. అంత సంతోషం నా పెళ్ళిలో కూడా లేదు. టెలిఫోన్ డైరెక్టరీ ముందేసుకుని తెలుగు ఇంటిపేర్లన్నీ వెతికి ప్రతి ఇంటికీ కార్డు రాశాను. తెలుగు వాళ్ళ పిక్నిక్కుల్లో ఆవకాయ సీసాల పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాను. చదవండి చదవండి అని కాళ్ళరిగేలా తిరిగాను. ఒకాయన కారు ఎక్కి తలుపు వేసుకుంటే అద్దంలోంచి పుస్తకం లోపల పడేశాను. మా చర్చి వాళ్ళకి మాత్రం సభ దాకా ఒక్కటీ ఇవ్వలేదు.

ఆవిష్కరణ సభ మొన్న శనివారం, జూన్ 15, మధ్యాహ్నం మూడింటికి, అద్దెకు తీసుకున్న ఒక స్కూలు భోజనశాలలో జరిగింది. ఎనభై మంది దాకా వచ్చారు. ఇక్కడ ఒక సంగతి డిటెక్టివ్ గారికి తెలియాలి. మా సభల్లో ముఖ్య అతిథి రిబ్బను విప్పి పుస్తకం పైకెత్తి చూపిస్తాడు. తర్వాత తొలి ప్రతిని ఎవరో ఒకరికి ఇస్తారు. ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. ఆ పుస్తకం ఎవరి వల్ల పుట్టిందో వాళ్ళకి ఇస్తారు. తల్లికో, గురువుకో. అది మా వాళ్ళందరికీ తెలుసు.

ముఖ్య అతిథి కొండల్ రావు గారు రిబ్బను విప్పి, "తొలి కాపీ ఎవలకిద్దామమ్మా?" అని మైకులో అడిగారు.

నేను లూసీని పిలిచాను.

ఎందుకు పిలిచానని అడుగుతున్నారు. కృతజ్ఞతతో అని చెబితే బాగుంటుంది. కొంత అదీ ఉంది. కాని ఆ క్షణంలో నేను గొప్ప రచయిత్రిని, ఒక ఆడదాని బాధని లోకానికి చూపించినదాన్ని. నా కళ్ళు నెత్తికెక్కాయి. లూసీ నీలం చీరలో సిగ్గుపడుతూ పైకి వచ్చింది. నేను చెవిలో, "ఇందులో నీ కథ కూడా ఉందమ్మా" అన్నాను. "నా కథేంటక్కా?" అని నవ్వింది. ఫోటో తీశారు. ఆ ఫోటోలో ఇంకా నవ్వుతూనే ఉంటుంది.

ఆ తర్వాత విజయశ్రీ అనే అమ్మాయి 'వంటింటి గడియ' లోంచి నాలుగు పేజీలు చదివింది. ఆ అమ్మాయి రేడియోలో చదివినట్టు చదువుతుంది. గడియ దగ్గరికి వచ్చేసరికి సభలో దగ్గులు ఆగిపోయాయి. ఆ వంటింట్లో సహవాసం రోజున కాఫీ కలిపిన వాళ్ళు అక్కడ ఒక పది మంది ఉన్నారు. ఎద్దు తల బకిల్ దగ్గరికి వచ్చేసరికి అందరూ అబ్రహాం నడుము వైపు చూశారు. మూడో వరసలో కూర్చున్నాడు. బెల్టు అదే. పేర్లు మార్చినదాన్ని, బకిల్ మార్చలేదు. అది తీసేస్తే కథలో జీవం పోతుందనుకున్నాను.

అతను లేచి వెళ్ళిపోలేదు. అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. సంతకాల కోసం వరసలో నిలబడి నా ముందుకు వచ్చాడు. "నాకూ సైన్ చేయండి సిస్టర్ గారూ" అన్నాడు. 'సహోదరుడు అబ్రహాంకు ప్రేమతో' అని రాసిచ్చాను. వేరే వాళ్ళు వెనక నిలబడి ఉన్నారు, రాసిచ్చాను.

ఆదివారం వాళ్ళిద్దరూ చర్చికి రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళలేదు. చర్చి బయట కారు డిక్కీ తెరిచి పుస్తకాలు అమ్ముతూ నిలబడ్డాను.

నిన్న సోమవారం, జూన్ 17, ఉదయం 10 గంటల 25 నిమిషాలకు లూసీ ఫోన్ చేసింది. నాకు నిన్న సెలవు. "అక్కా, ఆయన ఆఫీసుకి పోలేదు. నీ బుక్ చదువుతున్నాడు. ఇది మూడోసారి. నువ్వు రా అక్కా" అంది. ఫోన్ పెట్టేసింది.

పోలీసులకి ఎందుకు చేయలేదు అని నిన్న అడిగారు. తోచలేదు. మాలో ఎవరికీ తోచదు. ముందు పాస్టరు గారికి చేస్తాం. ఆమోసు అయ్యగారింటికి చేశాను. ఆయన భార్య నవోమి గారు ఎత్తి, అయ్యగారు హాస్పిటల్ విజిట్‌కి వెళ్ళారమ్మా, ప్రేయర్ చేద్దాం ఆగు అన్నారు. ఆమె ఫోన్లోనే ప్రార్థన మొదలుపెట్టారు. నాలుగు నిమిషాలు చేశారు. నేను ఆమెన్ చెప్పి బయల్దేరాను.

వాళ్ళింటికి చేరేసరికి 10:50. వీధి తలుపు తీసే ఉంది. అబ్రహాం వంటింటి గుమ్మంలో నిలబడి, "రండి సిస్టర్ గారూ, మీ కోసమే చూస్తున్నాం" అన్నాడు. లోపలికి వెళ్ళగానే నా వెనక గడియ వేశాడు. లూసీ స్టవ్ పక్కన నిలబడి ఉంది. కుడి చెయ్యి చున్నీలో చుట్టుకుని గుండెకి ఆనించుకుంది. మణికట్టు వాచి పిడికిలి కంటే లావుగా ఉంది. ఆదివారం పొద్దున్నే కౌంటర్ అంచుకి వేసి విరిచాడని తర్వాత చెప్పింది. అది నా కథలో లేదు. అతను సొంతంగా చేసింది అదొక్కటే.

మిగతాదంతా నా కథలోది.

నా చేతికి పుస్తకం ఇచ్చాడు, నేను సంతకం చేసిన కాపీ. పదిహేడో పేజీ తీసి ఉంది. "మొన్న వేరేవాళ్ళ చేత చదివించారు కదా. ఇవ్వాళ మీరే చదవండి సిస్టర్ గారూ, రచయిత్రి చదివితే ఆ అందమే వేరు" అన్నాడు. చదవనన్నాను. లూసీ జుట్టు పట్టుకుని తలని ఫ్రిజ్ తలుపుకి కొట్టాడు. చదువుతానన్నాను.

'మొదట ఎడమ చెంప మీద కొట్టాడు' అని చదివాను. అతను లూసీని ఎడమ చెంప మీద కొట్టాడు.

నా వైపు చూసి, "తర్వాత?" అన్నాడు.

'ఆమె తూలి పడబోతే మెడ పట్టుకుని నిలబెట్టాడు.' మెడ పట్టుకుని నిలబెట్టాడు. 'మళ్ళీ ఎడమ చెంప.' మళ్ళీ ఎడమ చెంప. ఆ 'మళ్ళీ ఎడమ చెంప' అన్న మాట నేను ఏడుసార్లు తిరగరాస్తే వచ్చింది. క్రియ తీసేస్తే దెబ్బ గట్టిగా తగులుతుందని తీసేశాను. బాగా కుదిరిందని ఆ రోజు టీ పెట్టుకుని తాగాను.

బెల్టు విప్పాడు. తోలు కొస చేతికి చుట్టుకున్నాడు. నేను ఒక లైను వదిలేసి కిందికి దూకాను. "మధ్యలో ఒకటుంది కదా సిస్టర్ గారూ, బకిల్ భుజం మీద పడిందని. రాసినావిడ మీరే మర్చిపోతే ఎలాగండీ?" అన్నాడు. వదిలేసినందుకు దాన్ని రెండుసార్లు చేశాడు. ఆ తర్వాత నేనేదీ వదల్లేదు. డిటెక్టివ్ గారూ, నేను చదివాను. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. నేను ఆగితే ఎక్కువ కొట్టాడు, అందుకని చదివాను. బకిల్ కొమ్ము తగిలి లూసీ చెవి తమ్మె చీలింది. నీళ్ళ గొట్టం మీద రక్తం పడింది. ఆమె అరవడం లేదు. నా వైపే చూస్తోంది. నేను ముందు ఏం చదవబోతున్నానో నా మొహంలో వెతుక్కుంటోంది. ఎటు వైపు దెబ్బ వస్తుందో తెలుసుకోవడానికి.

ఇరవయ్యో పేజీలో భార్య దోసెల పెనం ఎత్తి భర్త తల మీద కొడుతుంది. అతను చచ్చిపోతాడు. అది లూసీ చెప్పింది కాదు. ఏ రోజూ చెప్పలేదు. ఆమె మనవి మా ఆయన కోపం తగ్గాలి అన్నదొక్కటే. రెండేళ్ళు ప్రతి శనివారం అదే మాట చెప్పింది. కథకి ముగింపు ఉండాలని నేను కల్పించాను. అట్ట మీద నిజమని రాసుకున్నది నేను, స్టేజీ మీద ప్రతి అక్షరం నిజమని మైకులో అరిచింది నేను. లూసీ తానే చెప్పిన ఆ పేజీ చూపించి, అది అచ్చయి నాలుగు నెలలైంది కాబట్టి ఆమె ముందే ప్లాన్ చేసిందని మీరంటున్నారు. ప్లాన్ నాది. పుస్తకం కోసం వేసిన ప్లాన్.

ఆ పేజీ చదివితే అబ్రహాం నవ్వాడు. "ఇది మాత్రం బొత్తిగా కుదర్లేదండీ. మా లూసీకి అంత ధైర్యమా?" అన్నాడు. బెల్టు బల్ల మీద పడేసి కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళు అడిగాడు. లూసీ ఎడమ చేత్తో ఇచ్చింది.

ఇప్పుడు చెప్పేది నాకు నష్టమని వెంకట రమణ గారి మొహంలో కనిపిస్తోంది. అయినా రాయండి. ఆ సమయంలో అతను ఎవరినీ కొట్టడం లేదు. కూర్చుని నీళ్ళు తాగి, పుస్తకం మొదట్లో విషయసూచిక తీశాడు. పన్నెండు పేర్ల మీద వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చాడు.

"ఇదెవరిది? గౌరిదా? ఆ ఇన్సూరెన్సాయన భార్య? ఇది శాంతిదే, అబార్షన్ సంగతి. ఇది రేణు. అందరివీ ఉన్నాయే! పాపం, ఆ బ్రదర్స్ ఎవరికీ తెలీదు. చెప్పకపోతే తప్పు కదా సిస్టర్ గారూ" అన్నాడు.

లేచి గోడకున్న ఫోన్ తీశాడు. చర్చి డైరెక్టరీ ఫోన్ పక్కనే మేకుకి వేలాడుతోంది. గౌరి ఇంటి నంబరు చూసి నొక్కాడు. గౌరి భర్త సోమవారాలు ఇంట్లోనే ఉంటాడు. గౌరి నాకు చెప్పిన సంగతి ఏమిటో ఇక్కడ చెప్పను. అది తెలిస్తే ఆయన ఏం చేస్తాడో నాకు తెలుసు, నోటుబుక్కులో రాశాను.

అబ్రహాం వీపు నా వైపు ఉంది. పెనం స్టవ్ మీద ఉంది. రేపల్లె నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న ఇనప పెనం, చల్లగా ఉంది. పుస్తకం కింద పెట్టి రెండు చేతులతో పెనం ఎత్తాను. తల వెనక కొట్టాను. ఆ శబ్దం నేను రాసినట్టు లేదు. గుమ్మడికాయ కిందపడినట్టు ఉంది. అతను మోకాళ్ళ మీద కూలబడి నా వైపు తిరగబోయాడు. కణత మీద మళ్ళీ కొట్టాను. చచ్చిపోవాలనే కొట్టాను.

ఫోన్ రిసీవరు తీగకి వేలాడుతోంది. అందులోంచి గౌరి గొంతు వస్తోంది. "హలో? ఎవరండీ? హలో?" అంటోంది. ఆమే ఎత్తింది. నేను ఫోన్ పెట్టేశాను. అప్పుడు గోడ గడియారంలో 11:35.

పోలీసులకి ఫోన్ చేసింది లూసీ. చేసే ముందు నా చేతుల్లోంచి పెనం తీసుకోబోయింది. కుడి చెయ్యి పనికి రాక ఎడమ చేత్తో పట్టుకుంటే జారి కింద పడింది. మీకు ఆమె వేళ్ళ గుర్తులు దొరికింది అందుకే. "అక్కా, నువ్వు మాట్లాడొద్దు. నీ బుక్‌లో కొట్టింది నేనే కదా. అందరూ నమ్ముతారు" అంది.

మీరు వచ్చేసరికి 11:52. ఆమె నేనే అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. బేడీలు వేస్తుంటే మణికట్టు తగిలి లూసీ అరిచింది, అప్పుడూ మెదపలేదు. సాయంత్రం 4:40కి అబ్రహాం చనిపోయాడని చెప్పారు. ఇంటికి పోయి అన్నం తిన్నాను. తెల్లారేదాకా అదే అనుకున్నాను, అందరూ నమ్ముతారని. నా కథని ఇంతమంది నమ్మడం అదే మొదటిసారి.

ప్రశ్న: పుస్తకం మీద నిజమని రాశారు. ఇప్పుడు అబద్ధమంటున్నారు. స్నేహితురాలి కోసం ఇంకో కథ చెప్పడం లేదని మేమెలా నమ్మాలి?

జవాబు: నన్ను నమ్మక్కర్లేదు. లూసీ కుడి మణికట్టుకి ఎక్స్‌రే తీయించండి. ఎముక రెండు చోట్ల విరిగి ఉంటుంది. అటువంటి చేత్తో పెనం కాదు, గరిటె ఎత్తడం కూడా ఆమె వల్ల కాదు. ఆదివారం నాటి వాపుకీ నిన్నటి వాపుకీ తేడా మీ డాక్టరే చెబుతాడు. పద్దెనిమిదేళ్ళుగా నా అన్నం అది. నా అరచేతులు కూడా చూడండి, పెనం కాడ గరుకు అంచు ఒరుసుకుని తోలు లేచింది.

ప్రశ్న: ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?

జవాబు: ఒక మనవి. నేరం నేను ఒప్పుకుంటున్నాను. కోర్టులోనూ ఒప్పుకుంటాను, ఎన్నేళ్ళు వేసినా సరే. నేను ఒప్పుకున్నాక విచారణ ఉండదని, సాక్ష్యాలు అందరి ముందూ చదవరని వెంకట రమణ గారు చెప్పారు. నేను వచ్చింది సగం అందుకే. ఆ పుస్తకం ఇంగ్లీషులోకి మార్పించకండి. జడ్జిగారి ముందు పెట్టకండి. పేపరు వాళ్ళకి దాని పేరు చెప్పకండి. ఇంకా పదకొండు మంది ఆడవాళ్ళు వాళ్ళ వాళ్ళ వంటిళ్ళలో ఉన్నారు. అమ్ముడుపోని కాపీలు నా కారు డిక్కీలోనూ, ఇంట్లో మంచం కిందా ఉన్నాయి. రెండు తాళంచెవులూ బల్ల మీద పెట్టాను. కాల్చేయండి. అమ్మినవి నూట ముప్ఫై ఏడు. ఎవరెవరికి సంతకం చేసిచ్చానో జాబితా ఇస్తాను, వెళ్ళి తెచ్చుకోండి. వెంకట రమణ గారింట్లో ఒకటుంది. ఆయన భార్య లలిత గారికి నేనే బలవంతాన అంటగట్టాను. ఆయన ఇంతవరకు చదవలేదట. అయ్యా, చదవకండి.

నేను చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాశారు. మొదటి నుంచి చివరిదాకా నాకు చదివి వినిపించారు. ఎవరూ నన్ను భయపెట్టలేదు, ఏ ఆశా చూపలేదు. దేవుని ఎదుట, నా ఎరుకలో ఇదంతా జరిగినదే. ఒక్క మాట కూడా బాగుండడం కోసం చేర్చలేదు.

(సంతకం) కె. దేవకుమారి
అరచేతుల గాయాల వల్ల సంతకం సరిగ్గా పడనందున, ఎడమ బొటనవేలి ముద్ర కూడా తీసుకోవడమైనది.
ఉదయం 11 గంటల 10 నిమిషాలు.